మూడు కత్తెర్లకు రీగా దాకా

మా మిస్సిసాగాలో యూరప్ వెళ్ళొచ్చినవాళ్ళకి కొన్ని బాధ్యతలుంటాయి. పారిస్‌లో ఇనప టవరు ముందు నలుగురూ చేతులు చాచిన ఫొటో గ్రూపులో పెట్టాలి. స్విట్జర్లాండ్ మంచులో చీర కట్టుకుని వణుకుతూ నవ్వాలి. ఎంతయిందని ఎవరైనా అడిగితే సగం చెప్పాలి. మేం ఇవేవీ చెయ్యకుండా లాట్వియా అనే చిన్న దేశానికి వెళ్ళి, దాని రాజధాని రీగాలో నాలుగు రోజులుండి వచ్చాం. నేను మందుల కంపెనీలో పనిచేస్తాను కాబట్టి మా వీధిలో సగంమంది రీగా అంటే కొత్త మాత్ర అనుకున్నారు.

వెళ్ళిన పని చెబితే ఇంకా నవ్వుతారు. మావాడి జుట్టు కత్తిరించడానికి వెళ్ళాం. గుండు కాదు, గుండు తిరుమలలోనే. దానికి ముందు మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టుకుని మూడు కత్తెర్లు వెయ్యాలి కదా, వాటికోసం.

మా చింటూకి మూడో ఏడు నిండడానికి ఇంకా మూడు వారాలే ఉంది. అది దాటితే మళ్ళీ అయిదో ఏడు దాకా ఆగాలి. ఇప్పటికే వాడికి రెండు జడలు వేస్తున్నాను, ఇంకో రెండేళ్ళు ఆగితే జడగంటలు కొనాలి. వాడికున్న ఒక్కగానొక్క మేనమామ, నా తమ్ముడు ప్రవీణ్, రీగాలో ఎమ్మెస్ చదువుతున్నాడు. రెసిడెన్స్ కార్డు రెన్యువల్‌లో ఉంది. ఇప్పుడు దేశం దాటితే తిరిగి లోపలికి రానివ్వరు. అందుకని ఇండియా టికెట్టే రీగా మీదుగా తీసుకున్నాం. ముందు మేనమామ కత్తెర్లు, తర్వాత కొండ.

మా గుడి పంతులుగారు ఫోన్లో ఏదో యాప్ తెరిచి, రీగా అక్షాంశాలు రేఖాంశాలు కొట్టి, గురువారం ఉదయం తొమ్మిది నుంచి పదిన్నర వరకు దివ్యంగా ఉందమ్మా అన్నారు. ఆ సాయంత్రమే మా హైదరాబాద్ విమానం. ఇదంతా తమ్ముడికి పేజీన్నర మెసేజ్ రాస్తే, "ఓకే అక్కా, నోటెడ్" అని జవాబొచ్చింది. మా మేనేజరు కూడా ఇంతకంటే ఆప్యాయంగా రాస్తాడు.

వాడికి కోపముందని నాకు తెలుసు. ఎందుకో కూడా తెలుసు. మా ఆయన శ్రీధర్‌కి మాత్రం తెలియదు. ఆ సంగతి దారిలో చెబుతాను. అసలు భయం మాత్రం ఇదే: ఇంత దూరం పోయాక వాడు కత్తెర పట్టుకుంటాడా, పట్టుకోడా?

బేస్‌మెంట్లో వీడ్కోలు

అవి పిల్లలు ఇండియా నుంచి విమానాలకి విమానాలు దిగుతున్న రోజులు. మా వీధిలో పై అంతస్తుల్లో సంసారాలు, బేస్‌మెంట్లలో కాలేజీలు ఉండేవి. మా బేస్‌మెంట్లో ఆరుగురు మగపిల్లలు. వాళ్ళ కాలేజీ ఒక ప్లాజాలో పిజ్జా షాపు మీద ఉంటుంది. వారానికి రెండు రోజులు అక్కడ మేనేజ్‌మెంట్ నేర్చుకుని, మిగతా రోజులు ఎయిర్‌పోర్టు పక్క గోడౌన్లలో డబ్బాలు మోస్తారు. ఆదివారం నేను పప్పుచారు వండి కిందికి పంపిస్తాను. బ్యాంకు అకౌంట్లు తెరిపించాను, డ్రైవింగ్ టెస్టులకి తీసుకెళ్ళాను. మిస్సిసాగాలో స్వప్నక్క అంటే విద్యార్థులకి పెద్ద దిక్కని పేరు. ఆ పేరు నాకు చాలా ఇష్టం.

మేం రీగా వెళ్తున్నామని తెలిసి ఆరుగురూ మెట్ల దగ్గరికొచ్చారు. జాగ్రత్తగా వెళ్ళి రమ్మంటారనుకున్నాను. అక్కడ పీఆర్, అదే శాశ్వత నివాసం, ఎన్నేళ్ళకొస్తుందో కనుక్కుని రమ్మన్నారు.

మొదటి రోజు: రాని పెట్టె, రాని తమ్ముడు

రీగా ఎయిర్‌పోర్టు మా ఊళ్ళో పెద్ద మాల్‌లో సగముంటుంది. పాస్‌పోర్టు చూసే అమ్మాయి చింటూ పేజీ దగ్గర ఆగిపోయింది. పాస్‌పోర్టులో అబ్బాయి, ఎదురుగా రెండు జడలు, రబ్బరు బ్యాండ్లకి రెండు సీతాకోకచిలుకలు. శ్రీధర్ పుట్టువెంట్రుకలు, మొక్కు, ముడుపు అంటూ ఇంజనీరింగ్ వైవాలా మొదలుపెట్టాడు. మా ఏడేళ్ళ ఆద్య ఆయన్ని పక్కకి జరిపి, వీడు అబ్బాయే, దేవుడి కోసం జుట్టు పెంచుతున్నాడు, వచ్చే వారం ఇచ్చేస్తాం అని ఇంగ్లీషులో ఒక్క ముక్కలో తేల్చేసింది. ఆ అమ్మాయి నవ్వకుండా ముద్ర వేసింది.

తర్వాత పెట్టెల బెల్టు దగ్గర నలభై నిమిషాలు నిలబడ్డాం. మూడు వచ్చాయి, నాలుగోది రాలేదు. ఆ నాలుగోదాన్లోనే అన్నీ ఉన్నాయి. కొత్త కత్తెర, పసుపు కుంకుమ, చింటూ పట్టుపంచె, తమ్ముడికి పెట్టాల్సిన కొత్త బట్టలు, బేస్‌మెంట్ పిల్లలతో పిండి కలిపించి నేను చుట్టిన సకినాలు. మిగతా మూడింట్లో డైపర్లు, నూడుల్స్, శ్రీధర్ చొక్కాలు. కౌంటర్లో ఫారమ్ ఇచ్చి, పెట్టెలో విలువైన వస్తువులేమైనా ఉన్నాయా అని అడిగారు. సకినాలని రాశాను.

ప్రవీణ్ ఎయిర్‌పోర్టుకి రాలేదు. పనిలో ఉన్నాను, సాయంత్రం వస్తానని మెసేజ్ పెట్టాడు. సాయంత్రం షిఫ్టు పెరిగిందన్నాడు. అద్దెకు తీసుకున్న అపార్ట్‌మెంటులో, రాత్రి పది దాటినా ఆరని వెలుతుర్లో పిల్లలు నిద్రపోకుండా గంతులేస్తుంటే, నేను కిటికీ దగ్గర కూర్చుని ట్రాములు లెక్కపెట్టాను. పాపం ఎంత కష్టపడుతున్నాడో అని శ్రీధర్ జాలిపడ్డాడు. నేను మళ్ళీ ట్రాముల లెక్కలో పడ్డాను.

రెండో రోజు: పైకప్పు మీద పిల్లి, గులాబీరంగు చారు

రీగా పాతబస్తీ రాళ్ళు పరిచిన వీధులతో చాలా అందంగా ఉంటుందని పుస్తకాల్లో రాస్తారు. ఆ రాళ్ళ మీద స్ట్రోలర్ తోసినవాళ్ళెవరూ ఆ పుస్తకాలు రాయలేదు. అర గంటలో నా భుజాలు ఊడొచ్చాయి. చింటూ మాత్రం ఆ కుదుపులకి ఆఆఆ అని రాగం తీస్తూ ఊరంతా తిరిగాడు. ఒక పాత భవనం పైకప్పు కొసన వీపు పైకెత్తిన నల్లపిల్లి బొమ్మ ఉంది. పూర్వం ఎవరో వ్యాపారికి ఎదుటివాళ్ళ మీద ఒళ్ళు మండి, పిల్లి వెనకభాగం వాళ్ళవైపు తిరిగేట్టు పెట్టించాడట. అంత బాహాటంగా కోపం చూపించే మనుషులంటే నాకు గౌరవం కలిగింది. మా ఇళ్ళల్లో అయితే నోటెడ్ అంటారు.

మధ్యాహ్నం ఒక చిన్న క్యాంటీన్లో తిన్నాం. బీట్‌రూట్ మజ్జిగలో కలిపి, దోసకాయ ముక్కలూ సోయకూరా వేసిన చల్లని చారు ఉంటుందక్కడ. గిన్నె నాలుగు యూరోలు. రంగు చూస్తే బొమ్మలపెళ్ళికి చేసినట్టుంది. కెనడాలో పుట్టినప్పటినుంచి పెరుగన్నం అంటే ముక్కు మూసుకునే ఆద్య రెండు గిన్నెలు తాగింది. తెనాలి మనిషి శ్రీధర్ మాత్రం మజ్జిగపులుసుని చెడగొట్టారని తేల్చేశాడు.

కౌంటర్లో ఉన్న అమ్మాయి మా మాటలు విని, "తెలుగా ఆంటీ?" అంది. పేరు లావణ్య, ఊరు వరంగల్. నన్ను ఆంటీ అన్నందుకు క్షమించి కాసేపు మాట్లాడాను. మాది కెనడా అని తెలియగానే ఆ అమ్మాయి కళ్ళు పెద్దవయ్యాయి. కెనడాలో పీఆర్ తొందరగా వస్తుందట కదా అని అడిగింది. మా బేస్‌మెంట్ వాళ్ళ ప్రశ్న చెప్పేసరికి ఇద్దరికీ నవ్వాగలేదు. ఇక్కడివాళ్ళు అక్కడ, అక్కడివాళ్ళు ఇక్కడ బాగుందనుకుంటూ మధ్య సముద్రం మీద ఎదురుపడేట్టున్నారు.

ప్రవీణ్ తెలుసా అని అడిగాను. రీగాలో తెలుగువాళ్ళందరికీ అందరూ తెలుసు. "ప్రవీణన్న ఈ వారం లీవ్ పెట్టిండు గద ఆంటీ. అక్కావాళ్ళు వస్తున్నరని" అంది లావణ్య.

చెంచా గిన్నెలో పెట్టేశాను. లీవు పెట్టి ఇంట్లో కూర్చుని పనిలో ఉన్నానంటున్నాడు. శ్రీధర్ పిల్లల మూతులు తుడుస్తూ వినలేదు. సాయంత్రం పిల్లల్ని పార్కులో ఆయనకి అప్పగించి, బెంచీ మీద కూర్చుని తమ్ముడికి ఫోన్ చేశాను. పని గురించి అడగలేదు, గురువారం వస్తున్నావా లేదా అని మాత్రం అడిగాను.

 "ఇంట్లకు రానియ్యనోని ముందల కూసొని నేను కత్తెర పట్టుకోవాల్నా అక్కా?" అన్నాడు.

ఇక దాచి లాభంలేదు, చెప్పేస్తాను. చింటూ నాలుగు నెలల పిల్లాడప్పుడు ప్రవీణ్‌కి టొరొంటో దగ్గర కాలేజీలో సీటొచ్చింది. మొదట్లో ఆరు నెలలు మా ఇంట్లో ఉంటానని అడిగాడు. బావ ఒప్పుకోవడంలేదురా అని చెప్పాను. వాడు ఇంకో మాట అడగలేదు. కెనడా మానుకుని రీగా వచ్చేశాడు. బావకి ఈ విషయమే తెలియదు. ఆయన్ని నేను అడగనే లేదు. ఆ నెలలోనే మా బేస్‌మెంట్లోకి ఆరుగురు పరాయి పిల్లలు దిగారు.

మూడో రోజు: సంతలో కత్తెర

బుధవారం లేచేసరికి శ్రీధర్‌కి అంతా చెప్పేయాలని నిర్ణయించుకున్నాను. కాఫీ తాగాక చెబుదామనుకున్నాను. తర్వాత ట్రాములో చెబుదామనుకున్నాను, కూర్చోడానికి చోటు దొరకలేదు. సంతలో చెబుదామనుకున్నాను. ఇంత పిరికిదాన్నని నాకే తెలియదు.

రీగా సంత ఒకప్పటి పెద్ద గాలిఓడల షెడ్లలో ఉంది. ఒక షెడ్డులో చేపలు, ఒకదాన్లో మాంసం, ఒకదాన్లో మొత్తం ఊరగాయలే. క్యాబేజీ, దోసకాయ, వెల్లుల్లి, పుట్టగొడుగులు పీపాల్లో ఊరబెట్టి, వెళ్ళేవాళ్ళని పిలిచి ముక్క కోసి చేతిలో పెడతారు. మా మిస్సిసాగా సూపర్‌మార్కెట్లో రుచి చూస్తామంటే సెక్యూరిటీ వస్తాడు. శ్రీధర్ పది పీపాల దగ్గర రుచి చూసి, ఇంత కష్టపడి ఊరబెట్టినవాళ్ళకి గుప్పెడు కారం వెయ్యాలని తోచకపోవడం ఏమిటని నిజంగా బాధపడ్డాడు. బయట స్ట్రాబెర్రీలు కప్పుతో కొలిచి అమ్ముతున్నారు. పిల్లల మొహాలు, చొక్కాలు, స్ట్రోలర్ అన్నీ ఎర్రబడ్డాయి.

పెట్టె ఇంకా రాలేదు కాబట్టి కత్తెర కొనాలి. గుండీలు, దారాలు, చాకులు అమ్మే ముసలమ్మ ఒకామె కనిపించింది. ఇంగ్లీషు రాదు. నేను రెండు వేళ్ళు ఆడించి చూపిస్తే చేపలు కోసే పెద్ద కత్తెర తీసింది. నేను చింటూ జడ పట్టుకుని చూపించాను. ఆమె మొహం మాడిపోయింది. ఆడపిల్ల జడ కత్తిరించడానికి సంతలో కత్తెర కొనే తల్లిని ఆమె అంతవరకు చూసి ఉండదు. కత్తెర వెనక్కి లాక్కుని తన భాషలో నన్ను గట్టిగానే కోప్పడింది. శ్రీధర్ ఫోన్లో పాస్‌పోర్టు ఫొటో తెరిచి, ఇతను మగవాడు, అని ట్రాన్స్‌లేట్ చేసి చూపించాడు. ఆమె ఫొటో చూసి, చింటూని చూసి, మా ఇద్దర్నీ పైనుంచి కిందిదాకా చూసి, చివరికి కొస మొండిగా ఉన్న చిన్న కత్తెర ఇచ్చింది. చెవి జాగ్రత్త అని తన చెవి పట్టుకుని రెండుసార్లు చెప్పింది.

పసుపు సూపర్‌మార్కెట్లో దొరికింది, బొటనవేలంత సీసాలో. వెంట్రుకలు ముడి వెయ్యడానికి శ్రీధర్ చేతిరుమాలొకటి పసుపునీళ్ళలో తడిపి ఆరేశాను. ఆయన అప్పుడు తీరిగ్గానే ఉన్నాడు, పిల్లలు కార్టూన్ చూస్తున్నారు, నోరు తెరిచాను, రేపటికి ఇస్త్రీ పెట్టె ఉందో లేదో చూడమన్నాను.

చివరికి తమ్ముడికి మాత్రం మెసేజ్ పెట్టాను. బావ తప్పేం లేదు, రేపొచ్చి నా నోటే విను అని రాశాను. నోటెడ్ అని కూడా రాలేదు.

గురువారం, తొమ్మిది నుంచి పదిన్నర

తొమ్మిదింటికల్లా చింటూకి తలంటి జడలు విప్పాను. నేల మీద దుప్పటి పరిచాను. కత్తెరకి పసుపు బొట్టు పెట్టాను. శ్రీధర్ ఉన్నవాటిలో మంచి చొక్కా వేసుకున్నాడు. తొమ్మిదింబావు, తొమ్మిదిన్నర. రాకపోతే వీడియో కాల్లో చేయిద్దామా అని శ్రీధర్ మెల్లగా అడిగాడు. కత్తెర వీడియోలోంచి ఎలా వస్తుందని విసుక్కున్నాను. నాకు ఏడుపొస్తోంది, అది కోపంలా బయటికొస్తోంది.

తొమ్మిదీ యాభైకి తలుపు చప్పుడైంది. ప్రవీణ్ చిక్కిపోయాడు. గడ్డం పెంచాడు. చేతిలో బొమ్మ ట్రాము. లోపలికొచ్చి శ్రీధర్ వైపు తిరిగి, "నమస్తే అండీ" అన్నాడు.

మా పెళ్ళయిన రోజునుంచీ బావా బావా అని ఆయన భుజాల మీద చేతులేసి తిరిగినవాడు. శ్రీధర్ మొహంలో రంగు మారింది. ప్రవీణ్ కూర్చోలేదు. నావైపు చూశాడు.

"బావ వద్దనలేదు ప్రవీణ్. బావని నేను అడగనే లేదు. వద్దనుకున్నది నేను" అన్నాను.

దేని గురించని శ్రీధర్ అడిగాడు. ఇద్దరికీ కలిపి, నిలబడే చెప్పాను. ఎలా మొదలుపెట్టానో, ఎక్కడ తడబడ్డానో గుర్తులేదు. ఆద్య కార్టూన్ సౌండ్ తగ్గించి మరీ వింటోందని మాత్రం గుర్తుంది.

"ఆరుగురికి జాగా ఉండె గదక్కా" అన్నాడు ప్రవీణ్.

జాగా సంగతి కాదని చెప్పాను. ఆ ఆరుగురికి అక్కనవడం తేలిక. ఆదివారం పప్పుచారు పోస్తే సరిపోతుంది, మిగతా ఆరు రోజులు తలుపేసుకోవచ్చు. వీడు అలా కాదు. మా అమ్మ నర్సు డ్యూటీలకి పోతే నా పదో ఏటినుంచి వీడికి తినిపించి, నీళ్ళు పోసి, బడికి తీసుకుపోయింది నేనే. అప్పుడు నా ఒళ్ళో నాలుగు నెలల పిల్లాడు, చెయ్యి పట్టుకుని నాలుగేళ్ళ పిల్ల. "నిన్ను పెంచుడు మళ్ళ మొదలైతదని భయమైందిరా. ఆ మాట నీతో అనే మొహం లేక బావ మీద తోసిన" అన్నాను. ఇంటి భాష దానంతటదే వచ్చేసింది.

 నాకు సిగ్గేసింది. ఊళ్ళో పిల్లలందరికీ అక్కనని తిరిగినదాన్ని, సొంత తమ్ముడి ముందు దొంగలా నిలబడ్డాను.

శ్రీధర్ వంగి దుప్పటి అంచు సరిచేశాడు. ఆయనకి కోపమొస్తే అరవడు, అదే నాకు భయం. తర్వాత ప్రవీణ్‌ని, "ఇన్నాళ్ళూ నన్ను తిట్టుకున్నావా?" అని అడిగాడు.

"తిట్టుకున్న."

"బాగా?"

"రోజూ."

"సరే. ఇక అవన్నీ మీ అక్క పేరు మీదికి మార్చు. నా లెక్క నేను ఇండియాలో తేల్చుకుంటాను" అని గడియారం చూపించాడు. పదీ పదిహేడు.

 ప్రవీణ్ బూట్లు విప్పి దుప్పటి మీద కూర్చుని, చింటూని ఒళ్ళోకి తీసుకున్నాడు. బొమ్మ ట్రాము చేతికిచ్చాడు. చింటూ ఎప్పుడూ చూడని మామ గడ్డం ఒకసారి లాగి చూసి, ట్రాము నడపడంలో పడిపోయాడు. "కత్తెరేది బావా?" అన్నాడు ప్రవీణ్. శ్రీధర్ తెచ్చి ఇచ్చాడు.

ఒకటి కుడివైపు, ఒకటి ఎడమవైపు, ఒకటి నడినెత్తిన. చెవి తెగలేదు. మంత్రాలు రావు కాబట్టి శ్రీధర్ గోవిందా అన్నాడు, ఆద్య సిగ్గుపడుతూ అంది. ప్రవీణే ఆ వెంట్రుకల్ని పసుపు రుమాల్లో పెట్టి, గట్టిగా ముడేసి నా చేతికిచ్చాడు. నాతో మాట్లాడలేదు. అయితే మధ్యాహ్నం దాకా వెళ్ళలేదు. మా నూడుల్స్ తిన్నాడు, చింటూని ఎత్తుకుని వీధి చివర ట్రాములు చూపించాడు, సాయంత్రం ఎయిర్‌పోర్టుకి వచ్చి పెట్టెలు తోశాడు. నన్ను తప్ప అందర్నీ కావలించుకున్నాడు. అంత తొందరగా క్షమించేస్తే వాడు మా అమ్మ కొడుకే కాదు.

కొండ మీద

మా నాలుగో పెట్టె మాకంటే ముందే హైదరాబాద్ చేరి మాకోసం ఎదురుచూస్తోంది. సకినాలు పొడైపోయాయి. శ్రీధర్ నాతో మూడు రోజులు అవసరమైన మాటలే మాట్లాడాడు. నాలుగో రోజు తిరుమల వెళ్ళేసరికి, మెట్లెక్కితే నీ పాపం కొంత తగ్గుతుందేమో అన్నాడు కాబట్టి తేలికపడ్డాను.

కల్యాణకట్టలో మా వంతు వచ్చింది. చింటూని శ్రీధర్ ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు. క్షురకుడు తల తడుపుతుంటే నేను పక్కకి వచ్చి రుమాలు ముడి విప్పాను. వెంట్రుకల్లో కలపాలి కదా. ఒక కుచ్చు. రెండో కుచ్చు. రుమాలు దులిపాను, కింద వెతికాను, బ్యాగు బోర్లించాను. రెండే ఉన్నాయి.

రీగాకి ఫోన్ చేశాను. అక్కడ ఇంకా తెల్లవారుతోంది. మూడోది ఏదిరా అని అడిగాను.

"దేవునింటికి రోజూ మస్తు ఎంటికలొస్తయక్కా. మీ ఇంట్లది నాకొక్కటి ఉండనీ" అన్నాడు.

నేను సరేనన్నాను. ముక్కు తుడుచుకుని, ఆ రెండింటినీ వెంట్రుకల్లో కలిపాను. చింటూ నున్నటి గుండుతో ఏడుస్తున్నాడు. వాణ్ని ఎత్తుకుని శ్రీధర్ వచ్చి, మూడూ వేశావా అని అడిగాడు.

వేశానన్నాను.